కమ్యూనికేషన్ మేజర్‌కి మారాలనుంది... నాన్న ఈసీఈ అనుకుంటున్నారు!

అమెరికాలోని ఓ పెద్ద స్టేట్ యూనివర్సిటీలో నాలుగో సెమిస్టర్ చదువుతున్న అమ్మాయి రాసిన ఉత్తరమిది. పేరు, యూనివర్సిటీ బయటపెట్టొద్దన్నారు. ఇంటర్ ఎంపీసీ తర్వాత ఎఫ్-1 విద్యార్థి వీసా మీద కంప్యూటర్ సైన్స్ కోసమే వెళ్లారు. అక్కడ నేరుగా ఆ మేజర్‌లోకి, అంటే ప్రధాన సబ్జెక్టుగా తీసుకోలేదు. ముందు కొన్ని కోర్సుల్లో మంచి గ్రేడ్లు తెచ్చుకుంటే అప్పుడు చూస్తామన్నారు. క్యాలిక్యులస్-2లో డి వచ్చింది. డేటా స్ట్రక్చర్స్ సగంలో వదిలేస్తే ట్రాన్స్‌క్రిప్ట్ (మార్కుల పత్రం) మీద డబ్ల్యూ, అంటే మధ్యలో మానేసినట్టు గుర్తు పడింది. ఇప్పటికి 40 క్రెడిట్లు పూర్తయ్యాయి, జీపీఏ నాలుగుకి 2.4. ఈ సెమిస్టర్‌లో 13 క్రెడిట్లు నడుస్తున్నాయి. ఇన్నిటి మధ్య పబ్లిక్ స్పీకింగ్ కోర్సులో మాత్రం ఏ మైనస్ వచ్చింది. "ఆ ఒక్క క్లాసుకే నేను ఎదురుచూసేదాన్ని" అని రాశారు.

కమ్యూనికేషన్ మేజర్‌కి మారదామనుకుంటున్నానని ఇంటికి ఫోన్ చేసి చెబితే, నాన్న దాన్ని ఎలక్ట్రానిక్స్ అండ్ కమ్యూనికేషన్ ఇంజినీరింగ్ అనుకుని "ఈసీఈనా? మంచిదే" అని చుట్టాలందరికీ చెప్పేశారట. సరిదిద్దే ధైర్యం చాలక ఊరుకున్నారు. ఇల్లు తాకట్టు పెట్టి చదివిస్తున్నారు మరి. అక్కడే సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్న పెదనాన్న కొడుకేమో "అది ఫుట్‌బాల్ ఆడేవాళ్లు తీసుకునే డిగ్రీ, ఏడాదిలో పెట్టె సర్దుకుంటావ్" అన్నారు. క్లాసులో 350 మంది. అడ్వైజర్ అపాయింట్‌మెంట్ దొరకాలంటే మూడు వారాలు పడుతోంది. ఒత్తిడి భరించలేక ఈ సెమిస్టర్‌లో ఇంకో కోర్సు కూడా వదిలేద్దామని ఉంది. చివర్లో అడిగింది ఇది: "నా యాసతో ఈ చదువులో నెగ్గుకురాగలనా? ఈ డిగ్రీకి విలువ ఉందా? నాన్నకు ఎలా చెప్పాలి?"

మీరడిగిన మూడు ప్రశ్నలకన్నా ముందు, మధ్యలో ఒక వాక్యంగా రాసి వదిలేసిన విషయం చూద్దాం. ఈ సెమిస్టర్‌లో ఇంకో కోర్సు వదలొద్దు. కనీసం ఇంటర్నేషనల్ ఆఫీసులో మీ డీఎస్‌వోతో, అంటే విదేశీ విద్యార్థుల వీసా వ్యవహారాలు చూసే అధికారితో మాట్లాడకుండా వదలొద్దు. ఎఫ్-1 మీద డిగ్రీ చదివేవాళ్లు సెమిస్టర్‌కి 12 క్రెడిట్లు చదవాలి. మీవి 13. మూడు క్రెడిట్ల కోర్సు వదిలితే 10కి దిగుతారు. ముందస్తు అనుమతి లేకుండా దిగితే అది వీసా స్టేటస్ ఉల్లంఘన. రిజిస్ట్రేషన్ పోర్టల్ మాత్రం మిమ్మల్ని ఆపదు, బటన్ నొక్కగానే కోర్సు పోతుంది. చదువులో ఇబ్బందుల కారణంగా తక్కువ క్రెడిట్లకు అనుమతి తెచ్చుకునే వీలుంది. అయితే ఆంగ్లంలోనో, చదవాల్సిన పుస్తకాల భారంలోనో తొలినాళ్ల ఇబ్బంది, అమెరికా బోధనా పద్ధతికి అలవాటు పడకపోవడం, స్థాయికి మించిన కోర్సులో వేయడం లాంటి కారణాలు ఉండాలి. అప్పుడు కూడా 6 క్రెడిట్లకు తగ్గకూడదు. ఒక డిగ్రీ స్థాయిలో ఈ కారణం మీద ఒక్కసారే ఇస్తారు. ఆ ఒక్క అవకాశాన్ని ఇప్పుడే ఖర్చు చేసుకోవాలా అన్నది ఆలోచించండి. క్లాసుకు వెళ్లలేనంతగా మనసు కుంగిపోతుంటే అది వేరే దారి. అప్పుడు డాక్టర్ లేదా సైకాలజిస్ట్ పత్రంతో వైద్య కారణాల కింద తగ్గించుకోవచ్చు. క్యాంపస్ కౌన్సెలింగ్ సెంటర్‌లో మొదలుపెట్టండి.

ఇక అసలు విషయం. మీ ఉత్తరంలో ఒకచోట "కమ్యూనికేషన్" అని, ఇంకోచోట "కమ్యూనికేషన్స్" అని, మరోచోట "మీడియా కోర్సు" అని రాశారు. పెద్ద పబ్లిక్ యూనివర్సిటీల్లో ఇవి ఒకటి కాదు. మీ మొదటి చిక్కుముడి ఇక్కడే ఉంది.

దీని వెనక వందేళ్ల పాత కథ ఉంది. 1908లో మిస్సోరి యూనివర్సిటీ జర్నలిజం స్కూల్ పెట్టింది. పత్రికల కోసం మనుషుల్ని తయారుచేసే దారి అది. 1914లో ఉపన్యాస కళ చెప్పే అధ్యాపకులు ఇంగ్లిష్ టీచర్ల సంఘం నుంచి విడిపోయి సొంత సంఘం పెట్టుకున్నారు. అదే ఇప్పటి నేషనల్ కమ్యూనికేషన్ అసోసియేషన్. వాళ్లది మాట, వాదన, మనుషుల మధ్య సంబంధాల దారి. ఈ రెండు కుటుంబాలూ చాలా క్యాంపస్‌లలో ఇప్పటికీ వేరు కాపురాలే. ఇల్లినాయ్‌లో కమ్యూనికేషన్ డిపార్ట్‌మెంట్ ఒక కాలేజీలో ఉంటే జర్నలిజం, అడ్వర్టైజింగ్ వేరే మీడియా కాలేజీలో ఉన్నాయి. విస్కాన్సిన్-మ్యాడిసన్‌లోనైతే కమ్యూనికేషన్ ఆర్ట్స్, జర్నలిజం అండ్ మాస్ కమ్యూనికేషన్, లైఫ్ సైన్సెస్ కమ్యూనికేషన్ అని మూడున్నాయి. టెక్సాస్ ఆస్టిన్‌లో కమ్యూనికేషన్ కాలేజీ కింద స్పీచ్, లాంగ్వేజ్ అండ్ హియరింగ్ అనే విభాగం కూడా కనిపిస్తుంది. అది వినికిడి, ఉచ్చారణ సమస్యలకు చికిత్స చేసే వృత్తి వైపు వెళ్లే చదువు. పేరు చూసి అందులో దూరితే దారి తప్పినట్టే.

మీకు దీనివల్ల ఒరిగేదేమిటంటే, ఆర్ట్స్ అండ్ సైన్సెస్ కాలేజీలో ఉండే కమ్యూనికేషన్ మేజర్‌కి చాలాచోట్ల ఒకటి రెండు కోర్సుల్లో సీ, మొత్తం మీద 2.0 జీపీఏ ఉంటే సరిపోతుంది. జర్నలిజం స్కూల్లోని స్ట్రాటజిక్ కమ్యూనికేషన్, అంటే పీఆర్ (ప్రజా సంబంధాలు), అడ్వర్టైజింగ్ కలిసిన మేజర్‌కి వేరే దరఖాస్తు, వ్యాసం, కొన్నిచోట్ల పోటీ ఉంటాయి. 2.4తో ఇప్పుడు వెళితే వెనక్కి పంపే అవకాశమే ఎక్కువ. అంచేత మీ యూనివర్సిటీలో ఈ పేరున్న మేజర్లన్నీ ఓ కాగితం మీద రాసి, పక్కన ఏ కాలేజీ, ఏ షరతు, దరఖాస్తు ఎప్పుడు అని వేయండి. అడ్వైజర్ కోసం ఆగక్కర్లేదు, ఇదంతా యూనివర్సిటీ క్యాటలాగ్‌లో ఉంటుంది.

ఆ కాగితం మీద ఇంకో గడి గీయండి: సీఐపీ కోడ్. మీ ఐ-20 (వీసా కోసం యూనివర్సిటీ ఇచ్చిన పత్రం) మీద మేజర్ పేరు పక్కన ఆ చదువు ఏ రకమో చెప్పే ఆరంకెల నంబరుంటుంది చూడండి, అదే. కమ్యూనికేషన్ మేజర్లు సాధారణంగా 09తో మొదలవుతాయి. 09.0101 అయితే స్పీచ్ కమ్యూనికేషన్ అండ్ రెటరిక్. ఇది స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజినీరింగ్, గణితం) జాబితాలో లేదు. కాబట్టి చదువయ్యాక 12 నెలల ఓపీటీ, అంటే అమెరికాలో పనిచేసే అనుమతి, అంతే. మీ అన్నయ్య "ఏడాదిలో పెట్టె సర్దుకుంటావ్" అన్నది దీని గురించే. మోటుగా చెప్పారు గానీ గాలి మాట కాదు. అయితే అదే 09 కుటుంబంలో 09.0702, డిజిటల్ కమ్యూనికేషన్ అండ్ మీడియా, స్టెమ్ జాబితాలో ఉంది. దానికి 12 నెలల మీద మరో 24 నెలలు దొరుకుతాయి. ఇన్ఫర్మేషన్ సైన్స్, 11.0401, అది కూడా జాబితాలోదే. డిపార్ట్‌మెంట్ బోర్డు మీద పేరెంత ఆధునికంగా ఉన్నా, యూనివర్సిటీ ఆ మేజర్‌ని ఏ కోడ్ కింద నమోదు చేసిందన్నదే లెక్క. 'డిజిటల్ మీడియా' అని పేరు పెట్టుకుని పాత కోడ్ మీదే నడిచేవి ఉంటాయి. మేజర్ మార్చే ఫారం మీద సంతకం పెట్టకముందే "ఈ మేజర్ కోడ్ ఏది, స్టెమ్ ఎక్స్‌టెన్షన్‌కి అర్హత ఉందా?" అని డీఎస్‌వోని ఈమెయిల్‌లో అడిగి రాతపూర్వకంగా జవాబు తీసుకోండి. మైనర్, అంటే పక్కన చదివే చిన్న సబ్జెక్టు ఈ లెక్కలోకి రాదు. రెండో మేజర్ అయితే వస్తుంది.

ఇప్పుడు క్రెడిట్లు. బ్యాచిలర్స్‌కి 120 కావాలి. ఈ సెమిస్టర్ అన్నీ పాసైతే మీవి 53 అవుతాయి. మిగిలేవి 67. నాలుగు సెమిస్టర్లు 15 చొప్పున చదివితే 60. ఇంకా 7 బాకీ. ఒక వేసవిలో రెండు కోర్సులు, ఒక సెమిస్టర్‌లో 16 క్రెడిట్లు చదివితే అనుకున్న సమయానికే బయటపడతారు. కాబట్టి "రెండేళ్లు వృథా అయ్యాయి" అని మీరు రాసినది నిజం కాదు. క్యాలిక్యులస్-1 గణితం కింద, ప్రోగ్రామింగ్ కోర్సు ఎలెక్టివ్ కింద, పబ్లిక్ స్పీకింగ్ ఏకంగా మేజర్ కిందే చెల్లుతాయి. మీ విద్యార్థి పోర్టల్‌లో డిగ్రీ ఆడిట్ అని ఉంటుంది. అందులో 'వాట్-ఇఫ్' ఎంచుకుని కొత్త మేజర్ పేరు ఇస్తే, ఏ కోర్సు ఎక్కడ కూర్చుంటుందో, ఏవి మిగులుతాయో క్షణంలో చూపిస్తుంది. మూడు మేజర్లకు మూడు ఆడిట్లు తీసి పీడీఎఫ్‌లుగా దాచుకోండి.

క్రెడిట్ల మొత్తం సరిపోయినా ఆలస్యమయ్యేది వేరేచోట. కమ్యూనికేషన్ మేజర్ 36 క్రెడిట్లనుకుందాం. ఒకటి అయిపోయింది, ఇంకో 11 కోర్సులు. అవి మెట్లమెట్లుగా ఉంటాయి. థియరీ అయితేనే రిసర్చ్ మెథడ్స్ (పరిశోధన పద్ధతులు), అదయితేనే 400 స్థాయి, అంటే ఆఖరి దశ సెమినార్లు. మెథడ్స్‌లో సీట్లు తక్కువ. చాలాచోట్ల మొదట మేజర్ విద్యార్థులకే అట్టిపెట్టి, మిగిలితే ఇతరులకు వదులుతారు. మీరు మేజర్ మార్పు కాగితాలు రిజిస్ట్రేషన్ తర్వాత ఇస్తే ఆ సీట్లు మీకు తెరుచుకోవు. మెథడ్స్ ఒక సెమిస్టర్ వెనక్కి జరిగితే దాని వెనక ఉన్నవన్నీ జరుగుతాయి. అలా ఆఖర్లో ఒక సెమిస్టర్ ఫీజు అదనంగా పడుతుంది. ఫాల్ (ఆగస్టు ప్రాంతంలో మొదలయ్యే సెమిస్టర్) రిజిస్ట్రేషన్‌లో మీ వంతు తేదీ ఎప్పుడో చూసుకుని దానికి కనీసం రెండు వారాల ముందు మేజర్ మార్పు పూర్తిచేయండి. భాష కోర్సుల నిబంధన కూడా ఉండొచ్చు. ఇంగ్లిష్ కాక మరో భాష బడిలో చదివినవాళ్లకు చాలాచోట్ల మినహాయింపు ఇస్తారు. పదో తరగతి వరకూ చదివిన తెలుగు రెండు మూడు కోర్సుల ఫీజు మిగిల్చవచ్చు, అడగడం మరవొద్దు.

ఒకవేళ సెమిస్టర్ పెరిగినా భయపడక్కర్లేదు, కాకపోతే కారణం సరైనదై ఉండాలి. మేజర్ మారడం వల్ల చదువు పొడిగింపు కావాలంటే ఎఫ్-1 నిబంధనలు దాన్ని సరైన కారణంగానే చూస్తాయి. అకడమిక్ ప్రొబేషన్, అంటే జీపీఏ మరీ తగ్గితే యూనివర్సిటీ పెట్టే హెచ్చరిక కాలం వల్ల ఆలస్యమైతే మాత్రం పొడిగింపు కుదరదు. జీపీఏ 2.0 కిందికి జారాక మారడానికీ, 2.4 దగ్గర ఉండగా మారడానికీ ఇదీ తేడా. ఏదైనా ఐ-20 గడువు ముగియకముందే అడగాలి.

జీపీఏ గురించి ఒక చిన్న లెక్క. 40 క్రెడిట్లు, 2.4 అంటే మీ ఖాతాలో 96 పాయింట్లున్నాయి. క్రెడిట్‌కి డి అంటే 1, బి అంటే 3 పాయింట్లు. నాలుగు క్రెడిట్ల క్యాలిక్యులస్-2లో డి మీద వచ్చినవి 4. పాత గ్రేడ్ బదులు కొత్తది లెక్కించే గ్రేడ్ మార్పిడి సౌకర్యం మీ దగ్గర ఉండి, ఆ కోర్సు మళ్లీ చదివి బి తెచ్చుకుంటే 12 అవుతాయి. అంటే 104ని 40తో భాగిస్తే 2.6. ఆ గ్రేడ్ మారకపోయినా ఈ సెమిస్టర్ 13 క్రెడిట్లు 3.3తో గట్టెక్కితే 2.62కి చేరతారు. వచ్చే సెమిస్టర్ 15 క్రెడిట్లు 3.6తో అయితే 2.84. ఇంటర్న్‌షిప్ కోర్సులకూ, పోటీ ఉన్న మేజర్లకూ 2.5, 2.75, 3.0 లాంటి గీతలు పెడుతుంటారు కాబట్టి ఈ అంకెలు మీకు ఉపయోగపడతాయి. కమ్యూనికేషన్ మేజర్‌కి క్యాలిక్యులస్-2 అక్కర్లేదు. ఇన్ఫర్మేషన్ సైన్స్ ఆలోచన ఉంటేనే దాన్ని మళ్లీ చదవడం గురించి చూడండి.

"తేలిక డిగ్రీ" అన్న మాటకు వద్దాం. అందులో సగం నిజముంది. ఈ మేజర్‌లో పాసవడం కంప్యూటర్ సైన్స్‌లో పాసవడం కన్నా సులువే. 350 మంది కూర్చునే పరిచయ కోర్సులో బహుళైచ్ఛిక పరీక్షలు రాసుకుంటూ, సెక్షన్‌కి, అంటే కొద్దిమందితో జరిగే చర్చా తరగతికి అప్పుడప్పుడూ వెళ్తూ బి తెచ్చుకోవచ్చు. అలా నాలుగేళ్లు గడిపినవాళ్ల చేతిలో చివరికి పట్టా తప్ప ఏమీ ఉండదు. ఇంజినీరింగ్‌లా ఈ డిగ్రీ పేరు చెప్పి ఉద్యోగం అడగలేరు. "ఏం చేశావో చూపించు" అంటారు. అందులోనూ పెద్ద యూనివర్సిటీలో మిమ్మల్ని వెనకనుంచి నెట్టేవాళ్లుండరు. కష్టమంతా అక్కడే ఉంది.

ఇక సిలబస్‌లో మీకు పనికొచ్చే చోటు ఎక్కడుందో ఒక్క ఉదాహరణ చెబుతాను, మెథడ్స్ కోర్సులోని కంటెంట్ అనాలిసిస్. ఏదో ఒక అంశం మీద 200 వార్తలు తీసుకుంటారు. ఒక్కో వార్తలో ఏం గుర్తించాలో కోడ్‌బుక్ రాస్తారు: ఎవరి మాటలు ఉటంకించారు, బాధ్యత ఎవరి మీద మోపారు, స్వరం అనుకూలమా ప్రతికూలమా అని. అందులో ఓ 40 వార్తల్ని ఇద్దరు విడివిడిగా, ఒకరిది ఒకరు చూడకుండా కోడ్ చేస్తారు, అంటే కోడ్‌బుక్ ప్రకారం గుర్తిస్తారు. ఇద్దరి తీర్పులూ ఎంత కలిశాయో క్రిప్పెన్‌డార్ఫ్ ఆల్ఫా అనే కొలతతో లెక్కిస్తారు. 0.80 దాటితే బాగున్నట్టు. 0.667 కన్నా తగ్గితే ఆ అంశాన్ని పక్కన పడేయాల్సిందే. దాదాపు ప్రతి జట్టూ బోల్తాపడేది 'స్వరం' దగ్గరే. "ప్రతికూలం" అంటే ఏమిటో కోడ్‌బుక్‌లో ఒక్క ముక్కలో రాసి వదిలేస్తారు. ఒకరికి నిష్ఠూరం అనిపించింది ఇంకొకరికి మామూలు వార్తలా కనిపిస్తుంది. నిర్వచనం మార్చి, ఉదాహరణలు చేర్చి, ఇంకో 40 వార్తలతో మళ్లీ మొదలుపెట్టాలి. వార్తల్ని ఫైళ్లుగా శుభ్రం చేయడం, పదాలు లెక్కపెట్టడం మీకొచ్చిన ఆ కాస్త పైథాన్‌తో గంటలో అవుతుంది. మీ పక్కన కూర్చున్నవాళ్లకు రెండు రోజులు పట్టొచ్చు. మీడియా ఏది పెద్దగా చూపిస్తే జనానికి అదే పెద్ద సమస్యగా కనిపిస్తుందన్న అజెండా సెట్టింగ్ సిద్ధాంతం మీరు మొదటి నెలలోనే చదువుతారు. మెక్‌కోంబ్స్, షా అనే పరిశోధకులు దాన్ని 1968 అమెరికా అధ్యక్ష ఎన్నికలప్పుడు నార్త్ కరోలినాలోని చాపెల్ హిల్‌లో ఎవరికి ఓటేయాలో ఇంకా తేల్చుకోని 100 మందిని అడిగి, వాళ్ల జవాబుల్ని వార్తల కంటెంట్ అనాలిసిస్‌తో పోల్చి తేల్చారు. 1972లో అచ్చయింది. అలాంటి పని చేసే ప్రొఫెసర్లకు విద్యార్థి సహాయకులు ఎప్పుడూ కావాలి. సెమిస్టర్‌కి ఒకటి నుంచి మూడు క్రెడిట్ల కింద తీసుకుంటారు. మిమ్మల్ని పేరు పెట్టి గుర్తుపెట్టుకుని సిఫారసు లేఖ రాసే మనిషి దొరికేది ఇక్కడే, 350 మంది హాల్లో కాదు.

యాస గురించి పెద్దగా దిగులు పడకండి. ఆ ఏ మైనస్ దానికి సగం జవాబు చెప్పేసింది. పబ్లిక్ స్పీకింగ్‌లో మార్కులు నిర్మాణానికి, ఆధారాలకు, వినేవాళ్లతో చూపు కలపడానికి, టైమ్ పాటించడానికి పడతాయి. మనవాళ్లకు మార్కులు పోయేది రెండు చోట్ల. ఒకటి వేగం. నిమిషానికి 125 నుంచి 150 మాటలు వినడానికి హాయిగా ఉంటాయి. ఐదు నిమిషాల ప్రసంగానికి 700 మాటలు చాలు. బట్టీ పట్టిన 1,100 మాటలు ఊపిరి తీసుకోకుండా అప్పజెబితే యాస కాదు, ఆ పరుగే అర్థం కాకుండా చేస్తుంది. రెండోది, మనది అజంత భాష. బుక్‌ని బుక్కు, బస్‌ని బస్సు చేసుకున్న నాలుక ఇంగ్లిష్ మాటల చివర కూడా తెలియకుండా అచ్చు తగిలిస్తుంది. ఫోన్లో రికార్డు చేసుకుని వింటే మీకే తెలుస్తుంది. వాక్యం చివర ఒక క్షణం ఆగడం అలవాటైతే రెండూ చాలావరకు సర్దుకుంటాయి.

ఇప్పుడు మీ ముందున్న దారులు. కంప్యూటర్ సైన్స్‌లోనే ఉండి మళ్లీ ప్రయత్నించడం ఒకటి. దానికి క్యాలిక్యులస్-2, డేటా స్ట్రక్చర్స్ రెండూ మంచి గ్రేడ్లతో తిరిగి పూర్తిచేయాలి. ఆ తర్వాత కూడా మేజర్‌లోకి తీసుకుంటారన్న హామీ లేదు. కాదంటే అప్పటికి మూడో ఏడాది సగం గడిచిపోతుంది. మీ ఉత్తరంలో ఆ సబ్జెక్టు మీద ఇష్టమన్న మాట ఒక్కచోటా కనబడలేదు కాబట్టి దీని గురించి ఇంతకన్నా రాయను.

నేరుగా కమ్యూనికేషన్ మేజర్‌కి మారడం రెండో దారి. సమయానికి పూర్తవుతుంది, జీపీఏ కోలుకుంటుంది, మీకు ఇష్టమైన పని. కోడ్ స్టెమ్ కాకపోతే 12 నెలల్లో నిలదొక్కుకోవాలి. ఉద్యోగ వీసా హెచ్-1బి దగ్గర ఇంకో ఇబ్బంది ఉంది. ఆ ఉద్యోగానికి ఫలానా రకం డిగ్రీ తప్పనిసరి అని కంపెనీ నిరూపించాలి. పీఆర్, మార్కెటింగ్ ఉద్యోగ ప్రకటనల్లో "కమ్యూనికేషన్, ఇంగ్లిష్, మార్కెటింగ్ లేదా మరేదైనా" అని రాస్తుంటారు. ఆ "మరేదైనా" దరఖాస్తును బలహీనం చేస్తుంది. టెక్నికల్ రైటింగ్ లాంటి పనుల్లో ఈ చిక్కు కాస్త తక్కువ. యూనివర్సిటీల గురించి కూడా తెలుసుకోండి. ఏటా 65,000, అమెరికా మాస్టర్స్ వాళ్లకు మరో 20,000 అన్న హెచ్-1బి పరిమితి యూనివర్సిటీ ఉద్యోగాలకు వర్తించదు, లాటరీ ఉండదు. పెద్ద యూనివర్సిటీలో ప్రతి కాలేజీకీ, ఆసుపత్రికీ, పరిశోధన కేంద్రానికీ సొంత కమ్యూనికేషన్ ఆఫీసు ఉంటుంది. విద్యార్థిగా అక్కడ పనిచేసినవాళ్లకు తలుపు కొంచెం తెరిచే ఉంటుంది.

మూడోది, ఇన్ఫర్మేషన్ సైన్స్ లేదా స్టెమ్ కోడ్ ఉన్న డిజిటల్ మీడియా మేజర్, పక్కన కమ్యూనికేషన్ మైనర్‌గా. లేదా రెండూ మేజర్లుగా. వీసా వైపు నుంచి ఇది గట్టి దారి. మీకొచ్చిన ప్రోగ్రామింగ్ వృథా పోదు. కాకపోతే స్టాటిస్టిక్స్, డేటాబేస్ లాంటివి తప్పవు. రెండు మేజర్లంటే ఒక సెమిస్టర్ పెరగొచ్చు. మీ పరిస్థితికి నేనైతే ముందు ఈ దారినే తూకం వేస్తాను. కోడ్ కోసమే ఇష్టం లేని చదువు మళ్లీ నెత్తికెత్తుకుంటే మాత్రం క్యాలిక్యులస్-2 కథే తిరిగి మొదలవుతుంది. ఒక్క కోర్సు తీసుకుని చూడండి. ఫాల్‌లో కమ్యూనికేషన్ థియరీతో పాటు ఇన్ఫర్మేషన్ సైన్స్ పరిచయ కోర్సు వేసుకుంటే రెండు తలుపులూ ఇంకో సెమిస్టర్ తెరిచే ఉంటాయి.

ఏ దారైనా చేతిలో చూపించడానికి పని ఉండాలి. క్యాంపస్ ఉద్యోగం సెమిస్టర్‌లో వారానికి 20 గంటల వరకూ చేయొచ్చు. యూనివర్సిటీ న్యూస్ ఆఫీసు, లైబ్రరీ సోషల్ మీడియా, రైటింగ్ సెంటర్‌లో వెతకండి. బయట ఇంటర్న్‌షిప్‌కి సీపీటీ, అంటే చదువు మధ్యలో పనిచేసే అనుమతి కావాలి. ఒక పూర్తి విద్యా సంవత్సరం గడిచింది కాబట్టి మీకు ఆ అర్హత ఉంది. అది మీ కోర్సులో భాగంగా ఉండాలి. కంపెనీ పేరు, తేదీలు ఐ-20 మీద పడ్డాకే మొదటి రోజు పని. పూర్తి సమయం సీపీటీ 12 నెలలకు చేరితే ఓపీటీ పోతుంది, వేసవి మూడు నెలలకైతే ఇబ్బంది లేదు. ఈ రంగంలో చాలామంది పడే గుంట ఇంకోటి: ఎవరికో వీడియో ఎడిట్ చేసి డబ్బు తీసుకోవడం, సొంత చానల్‌కి ప్రకటనల ఆదాయం తెచ్చుకోవడం. ఎఫ్-1 మీద చదువుకుంటూ చేసే ఆ పనులు అనధికార ఉద్యోగం కిందికి రావొచ్చు. స్నేహితులు చేస్తున్నారని మొదలుపెట్టకండి. అదే ఓపీటీలోకి వచ్చాక, మీ చదువుకు సంబంధించినదై వారానికి 20 గంటలకు తగ్గకుండా ఉంటే ఫ్రీలాన్స్ కూడా చెల్లుతుంది. ఓపీటీ దరఖాస్తు చదువు పూర్తయ్యే తేదీకి 90 రోజుల ముందు నుంచి పెట్టుకోవచ్చు. మొదలయ్యాక మొత్తం మీద 90 రోజులు మించి ఖాళీగా ఉండకూడదు. అందుకే ఆ తేదీకల్లా ఓ ఆరు మంచి నమూనాలు సిద్ధంగా ఉండాలి: ఒక పేజీ ప్రెస్ రిలీజ్, ఒక ప్రచార ప్రణాళిక, ఆ కంటెంట్ అనాలిసిస్ నివేదిక, 90 సెకన్ల వీడియో, నడిపిన న్యూస్‌లెటర్, డేటాతో రాసిన ఒక కథనం.

అడ్వైజర్ మూడు వారాల దాకా దొరకరన్నారు. అపాయింట్‌మెంట్ లేకుండా కలిసే డ్రాప్-ఇన్ గంటలుంటాయి, కనుక్కోండి. ఈమెయిల్ రాస్తే మీ విద్యార్థి నంబరు, వాట్-ఇఫ్ ఆడిట్ జతచేసి, ఒకే ఒక్క ప్రశ్న అడగండి: "ఫాల్‌లో ఈ నాలుగు కోర్సులు తీసుకుంటే మెథడ్స్ స్ప్రింగ్‌లో తీసుకోగలనా?" వందల మందిని చూసే మనిషి అవును, కాదు అని చెప్పగల ప్రశ్నకు ఆ రోజే జవాబిస్తారు. "నా పరిస్థితి ఏమిటో తెలియడం లేదు" అన్న ఉత్తరం అపాయింట్‌మెంట్ వరసలోకే వెళ్తుంది.

నాన్నగారికి చెప్పడం. ఇది వాయిదా వేస్తున్నకొద్దీ ఈసీఈ అబద్ధం మీది కాకపోయినా మీదైపోతుంది. ఈపాటికి చుట్టాల్లో ఎవరో ఒకరు ఈసీఈ క్యాంపస్ ప్లేస్‌మెంట్ల గురించి అడుగుతూనే ఉంటారు. డీఎస్‌వో జవాబు, ఆడిట్ కాగితం చేతికొచ్చాక, అంతకన్నా ఆలస్యం చేయకుండా ఫోన్ చేయండి. అమ్మ కూడా వినేలా వీడియో కాల్ అయితే మంచిది. ఈ చదువు గొప్పదని వాదించొద్దు. ఆయన భయం ఇల్లు గురించి. కాబట్టి ఆ భాషలోనే మాట్లాడండి: ఎన్ని క్రెడిట్లు మిగిలాయి, ఏ నెలకు పూర్తవుతుంది, ఒక సెమిస్టర్ పెరిగితే ఎంత అదనం, చదువయ్యాక ఎన్ని నెలల పని అనుమతి. డి, డబ్ల్యూ సంగతి కూడా అప్పుడే చెప్పేయండి. అవి దాచి మేజర్ మార్పు ఒక్కటే చెబితే, రేపు ట్రాన్స్‌క్రిప్ట్ చూసినరోజు మొత్తం అనుమానంలో పడుతుంది. లోన్ మంజూరు కాగితంలో కోర్సు పేరు రాసి ఉందేమో చూడమనండి, ఉంటే బ్యాంకుకు తెలియజేయాల్సి రావొచ్చు. ఆయన కోప్పడొచ్చు, ఫోన్ పెట్టేయొచ్చు. వారం తర్వాత అన్నయ్యతో మాట్లాడించమంటారు కాబట్టి, అదే కాగితం అన్నయ్యకు ముందే పంపి ఉంచండి. కోడ్ సంగతి ఆయనకు మీకన్నా బాగా అర్థమవుతుంది, అంకెలు చూస్తే "పెట్టె సర్దుకుంటావ్" అన్న మనిషే నాన్నకు సర్దిచెప్పే అవకాశం ఉంది. ఫోన్ ఎత్తగానే మొదటి మాట మాత్రం "నాన్నా, అది ఈసీఈ కాదు" అన్నదే కానివ్వండి.